వైరస్ పెంకులో డీఎన్ఏ ఎంత పట్టాలో తేల్చేది ఎవరు?

లాంబ్డా అనేది ఈ.కోలై బ్యాక్టీరియా మీద బతికే వైరస్. ఇలా బ్యాక్టీరియా మీద బతికే వైరస్‌లను ఫేజ్‌లంటారు. దాని డీఎన్ఏలో 48,502 బేస్ జతలు ఉంటాయి. ఆ పోగును నిటారుగా చాపితే 16.5 మైక్రోమీటర్ల పొడవు వస్తుంది. అది దూరాల్సిన పెంకు అడ్డుకొలత సుమారు 60 నానోమీటర్లు. అంటే తన అడ్డుకొలతకు 270 రెట్ల పొడవున్న పోగును ఆ పెంకు లోపల పెట్టుకోవాలి. పొడవొక్కటే చిక్కయితే ఉండచుట్టి సరిపెట్టవచ్చు. కానీ రెండు పేటల డీఎన్ఏ నూలుపోగులా మెత్తగా వంగదు. 50 నానోమీటర్ల నిడివి వరకు బిరుసు పుల్లలాగే నిలబడుతుంది. దానికి తోడు బేస్ జతకు రెండు చొప్పున దాదాపు 97 వేల రుణావేశాలు దాని ఒంటినిండా ఉంటాయి. దగ్గరికి తెచ్చేకొద్దీ అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఇంత పని ఎలా జరుగుతుందని అడిగితే ముందుగా వినిపించేది మోటారు మాట. కణానికి ఇంధనంలాంటి ఏటీపీని ఖర్చుపెడుతూ డీఎన్ఏను లోపలికి దట్టించే ప్రోటీన్ యంత్రం అది. నిజంగా అబ్బురమే. అయితే ఆ వర్ణనలో పెంకు ఉత్త డబ్బాగా మిగిలిపోతుంది. లోపల ఎంత చోటుండాలి, ఆ చోటు ఎప్పుడు తెరుచుకోవాలి, తోయడం ఎక్కడ ఆపాలి, తోసినదాన్ని వెనక్కి రాకుండా ఎలా పట్టి ఉంచాలి అన్న నాలుగు సంగతుల్నీ తేల్చేవి క్యాప్సిడ్ ప్రోటీన్లు, అంటే పెంకును కట్టే ప్రోటీన్లు. మోటారు ఎంత బలమైనదైనా వాటి చెప్పుచేతల్లోనే పనిచేస్తుంది.

ముందు పెంకు, తర్వాత డీఎన్ఏ

తోక ఉన్న ఫేజ్‌లూ హెర్పిస్ వైరస్‌లూ ఒకే వరస పాటిస్తాయి. మొదట ఖాళీ పెంకు తయారవుతుంది. దీన్ని ప్రోక్యాప్సిడ్ అంటారు. ఆ తర్వాతే డీఎన్ఏ వస్తుంది. పెంకుకు పన్నెండు మూలలుంటాయి. పదకొండు మూలల్లో పెంకు ప్రోటీన్ ప్రతులు ఐదేసి గుండ్రంగా చేరతాయి. పన్నెండో మూలలో మాత్రం పోర్టల్ అనే వేరే ప్రోటీన్ పన్నెండు ప్రతులు ఉంగరంలా కూర్చుంటాయి. ఫేజ్‌లలో డీఎన్ఏ లోపలికి వెళ్లేదీ, కొత్త కణం దొరికినప్పుడు బయటికి దిగేదీ ఈ ఒక్క తూములోంచే. మోటారు భాగమూ, డీఎన్ఏను కోసే ఎంజైమూ అయిన టెర్మినేజ్ వచ్చి అతుక్కునేది కూడా ఈ ఉంగరానికే.

పెంకు ప్రోటీన్లను వాటి మానాన వదిలేస్తే సరైన పెంకు కట్టలేవు. అందుకు పరంజా ప్రోటీన్ కావాలి. సాల్మొనెల్లా మీద బతికే పీ22 ఫేజ్‌నే చూడండి. 415 పెంకు ప్రోటీన్లు చేరడానికి లోపల సుమారు 300 పరంజా ప్రోటీన్లు సాయం చేస్తాయి. పరంజా లేకపోతే మెలికలు తిరిగిన వంకర పెంకులు, చిట్టి పెంకులు తయారవుతాయి. అంతకంటే ముఖ్యం, వాటిలో పోర్టల్ చేరదు. తూము లేని పెంకులోకి డీఎన్ఏ వెళ్లే దారే లేదు.

ఇల్లు పూర్తయ్యాక పరంజా తీసేయాలి కదా. పీ22లో అది చెక్కుచెదరకుండా పెంకులోని కంతల్లోంచి బయటికి జారి, ఇంకో పెంకు కట్టడానికి పోతుంది. టీ4 ఫేజ్‌లోనూ హెర్పిస్‌లోనూ ప్రోటియేజ్ అనే కోత ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. హెచ్‌కే97 అనే ఫేజ్‌కు విడిగా పరంజా ప్రోటీనే లేదు. పెంకు ప్రోటీన్ మొదట్లో ఉన్న 102 అమైనో ఆమ్లాల తునకే ఆ పని చేసి, తర్వాత కత్తిరింపుకు గురవుతుంది. దారి ఏదైనా పరంజా తొలగక తప్పదు, లేకపోతే డీఎన్ఏకు చోటుండదు.

పెంకు పరిమాణమే కొలత

పెంకు ఎంత పెద్దదన్నది ఎంత డీఎన్ఏ పడుతుందో ఎలా శాసిస్తుందో చూడాలంటే పీ2, పీ4 ఫేజ్‌ల వ్యవహారం చూడాలి. పీ2కి సొంత డీఎన్ఏ 33 వేల బేస్ జతలు, పెంకు సుమారు 60 నానోమీటర్లు. పీ4 పరాన్నజీవికే పరాన్నజీవి. దానికి 11,600 బేస్ జతలే ఉంటాయి, సొంత పెంకు ప్రోటీన్ ఉండదు. పీ2 ప్రోటీన్‌నే వాడుకుంటుంది. కాకపోతే సిడ్ అనే తన ప్రోటీన్‌ను బయటినుంచి పంజరంలా బిగించి, అదే పెంకు ప్రోటీన్ 45 నానోమీటర్ల చిన్న పెంకు కట్టేలా చేస్తుంది. అందులో పీ4 డీఎన్ఏ చక్కగా ఇముడుతుంది, పీ2 డీఎన్ఏ పట్టనే పట్టదు. ఇంటి యజమానిని గడప దాటనివ్వని ఎత్తు ఇది. సిడ్ పాడైన పీ4 రకాలలో పెంకు మళ్లీ పెద్దదవుతుంది. అప్పుడు పీ4 డీఎన్ఏ ఒక్కటి కాకుండా రెండు, మూడు ప్రతులు వరుసగా అందులో చేరతాయి. మోటారు మారలేదు, డీఎన్ఏ మారలేదు. మారింది పెంకు కొలత మాత్రమే.

టీ4లోనూ ఇదే సాక్ష్యం దొరుకుతుంది. దాని పెంకు ప్రోటీన్ జీపీ23లో కొన్ని మార్పులు వస్తే తలలు (తోక ఉన్న ఫేజ్‌లలో పెంకునే తల అంటారు) పొట్టిగానో, విపరీతంగా పొడవుగానో తయారవుతాయి. పొట్టి తలలో పూర్తి జీనోమ్, అంటే వైరస్ మొత్తం డీఎన్ఏ, పట్టదు, అవి ఒంటరిగా కణానికి సోకినా సంతానం రాదు. పొడవాటి తలల్లోకి అనేక జీనోముల నిడివి ఉన్న ఒకే పోగు ఎక్కుతుంది. తల నిండేదాకా తోయడం ఆగదు. ఈ పద్ధతికి తలనింపు అని పేరు పెట్టుకోవచ్చు. 1967లో స్ట్రైసింగర్ బృందం టీ4 డీఎన్ఏ పొడవును నిర్ణయించేది తల పరిమాణమేనని వాదించింది.

దారి మధ్యలో పెంకు విచ్చుకుంటుంది

నిర్మాణ జీవశాస్త్రం మొత్తంలో ఇంత అందమైన ఘట్టం తక్కువ. లాంబ్డా ప్రోక్యాప్సిడ్ మొదట సుమారు 50 నానోమీటర్లే ఉంటుంది. గోడ మందంగా, గుండ్రంగా ఉంటుంది. మోటారు డీఎన్ఏను తోస్తూ పోగా, దాదాపు 30 శాతం లోపలికి చేరేసరికి పెంకు ప్రోటీన్లన్నీ ఒక్కసారిగా ఒరిగి, తిరిగి, కొత్త భంగిమలోకి వస్తాయి. గోడ పలచబడుతుంది. గుండ్రని పెంకుకు కోణాలు తేలతాయి. లోపలి ఘనపరిమాణం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. కొత్త ప్రోటీన్ ఒక్కటీ చేరలేదు, ఉన్నవే సర్దుకున్నాయి.

మరి మొదటే పెద్ద పెంకు కట్టుకోకూడదా? పరంజా చుట్టూ తప్పుల్లేకుండా కట్టడానికి వదులు బంధాలు కావాలి, తప్పుగా చేరిన ముక్క ఊడి మళ్లీ చేరగలగాలి. డీఎన్ఏ ఒత్తిడిని ఓర్చుకోవడానికి మాత్రం గట్టి బంధాలు కావాలి. రెండూ ఒకే రూపంలో కుదరవు. అందుకే కట్టుబడికి ఒక రూపం, కాపుదలకు ఇంకో రూపం.

విచ్చుకున్నాక గోడ బయటివైపు కొత్త గుంటలు తేలతాయి. మూడేసి పెంకు ప్రోటీన్లు కలిసే ఒక్కో చోట జీపీ-డి అనే చిన్న ప్రోటీన్ మూడు ప్రతుల కట్టగా వచ్చి, మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది. ఇలాంటి చోట్లు సుమారు 140. విచ్చుకోని పెంకు మీద ఈ గుంటలు ఉండవు, కాబట్టి జీపీ-డి ముందుగా వచ్చి అతుక్కోలేదు. ఈ వరస తప్పకపోవడంలోనే కిటుకంతా ఉంది. జీపీ-డి లేని లాంబ్డాలో ఏమవుతుంది? మోటారు తోస్తుంది, పెంకు విచ్చుకుంటుంది, కానీ పూర్తి పొడవు డీఎన్ఏను ఆ గోడ పట్టి ఉంచలేదు. అదే ఫేజ్ డీఎన్ఏలో కొంత తొలగించి అసలు పొడవులో 82 శాతం లోపుకు తెస్తే, జీపీ-డి లేకుండానే బతికే ఫేజ్‌లు తయారవుతాయి. చివరి 18 శాతం డీఎన్ఏ పుట్టించే ఒత్తిడి కోసమే ఆ మేకులన్నీ అన్నమాట.

ఇదే సంగతి ప్రయోగశాలలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. మెగ్నీషియం అయాన్లు డీఎన్ఏ రుణావేశాలను కొంత చల్లార్చి తోపులాటను తగ్గిస్తాయి. ఈడీటీఏ అనే రసాయనం కలిపితే అది మెగ్నీషియాన్ని లాగేసుకుంటుంది. లోపలి ఒత్తిడి పెరిగి, నిండుగా ఉన్న లాంబ్డా పెంకులు పగులుతాయి. డీఎన్ఏ కాస్త తక్కువున్నవి తట్టుకుంటాయి. డీఎన్ఏ తొలగిన ఫేజ్‌లను ఏరడానికి ఈ కిటుకునే దశాబ్దాలుగా వాడుతున్నారు. ఫేజ్ నిల్వ చేసే ఎస్ఎం ద్రావణంలో 8 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ ఉండేది కూడా ఇందుకే. అది మరిచిపోయి ఫేజ్ సంఖ్య పడిపోయిందని తల పట్టుకుంటే, తప్పు ఫేజ్‌ది కాదు.

హెచ్‌కే97 మేకులతో సరిపెట్టుకోదు. విచ్చుకున్నాక పక్కపక్క ప్రోటీన్లు రసాయన బంధాలతో ముడిపడి, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న గొలుసు కవచంగా మారతాయి. పలుచని గోడకు ఆ బలం అక్కడినుంచి వస్తుంది.

లోపలి ఒత్తిడి ఎంత?

ఫై29 అనే చిన్న ఫేజ్‌తో 2001లో చేసిన కొలతలు ఈ రంగానికి మలుపు. డీఎన్ఏ ఒక కొసను, ప్రోక్యాప్సిడ్‌ను వేర్వేరు సూక్ష్మ పూసలకు అంటించి, ఒక పూసను లేజర్ కాంతితో పట్టి, మోటారు ఎంత బలంగా లాగుతుందో చూశారు. సుమారు 57 పికోన్యూటన్ల ఎదురు బలం పెడితే గానీ అది ఆగలేదు. 19,300 బేస్ జతల డీఎన్ఏను ఎక్కించడానికి దానికి ఐదున్నర నిమిషాలు పడుతుంది. మొదట సెకనుకు దాదాపు 100 బేస్ జతల వేగంతో పోయి, సగం నిండాక క్రమంగా నెమ్మదిస్తుంది. పూర్తయ్యేసరికి లోపలి పీడనం మామూలు గాలి పీడనానికి 60 రెట్లని లెక్క తేలింది. నెమ్మదించడానికి కారణం మోటారు అలసట కాదు. పెంకులో కిక్కిరిసిన డీఎన్ఏ వెనక్కి తోయడమే.

ఆపు అని చెప్పేదెవరు?

ఎక్కించాల్సిన డీఎన్ఏ కణంలో విడివిడి జీనోములుగా ఉండదు. జీనోములు ఒకదాని తోకకు ఒకటి అతుక్కుని పొడవాటి గొలుసుగా ఉంటాయి. ఎక్కడో ఒకచోట తెగ్గొట్టాలి. ఎక్కడ అన్నదానికి రెండు పద్ధతులున్నాయి.

లాంబ్డాది గుర్తును చూసి కోసే పద్ధతి. కాస్ అనే వరుస కనబడినచోట టెర్మినేజ్ కోసి, 12 బేస్‌ల ఒంటిపేట కొసలు మిగులుస్తుంది. అయితే ఇక్కడా పెంకు మాట చెల్లుతుంది. రెండు కాస్ గుర్తుల మధ్య దూరం అసలు జీనోములో 78 నుంచి 105 శాతం లోపు ఉంటేనే బతికే ఫేజ్ వస్తుంది. అంటే సుమారు 38 వేల నుంచి 51 వేల బేస్ జతలు. మరీ పొడవైతే రెండో గుర్తు తూము దగ్గరికి వచ్చేలోపే తల నిండిపోతుంది, కోత పడదు. మరీ పొట్టిదైతే తల సరిగా నిండకముందే గుర్తు వచ్చేస్తుంది, అప్పుడు కోత సరిగా సాగదు.

కాస్ గుర్తు ఉన్న వాహక డీఎన్ఏలను కాస్మిడ్లంటారు. వాటిలో ఒక జీవి డీఎన్ఏ ముక్కలను చేర్చి దాచే జన్యు గ్రంథాలయం కట్టేవాళ్లకు ఈ హద్దులే లెక్క. కాస్మిడ్ 7 వేల బేస్ జతలదైతే, అందులో చేర్చే ముక్క 31 వేల నుంచి 44 వేల మధ్య ఉండాలి. డీఎన్ఏను తునకలు చేసే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో మరీ ఎక్కువసేపు కోస్తే చిన్న ముక్కలు మిగులుతాయి. పెంకు వాటిని విడిగా ఒప్పుకోదు. రెండు మూడు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పొడవు సరిపోతే మాత్రం హాయిగా ఎక్కించుకుంటుంది. క్రోమోజోములో ఎక్కడెక్కడివో రెండు చోట్లు పక్కపక్కన ఉన్నట్టు చూపే దొంగ క్లోన్లు అలా పుడతాయి. అందుకే ముక్కలను కాస్మిడ్‌కు అతికించే లిగేషన్‌కు ముందు ముక్కలను పొడవును బట్టి వేరుచేయాలి, వాటి కొసల ఫాస్ఫేట్లను ఫాస్ఫటేజ్‌తో తీసేయాలి. ఈ రెండు మెట్లలో ఒకటి దాటేస్తే ఆ తప్పు ఎన్నో నెలల తర్వాత మ్యాపులో బయటపడుతుంది.

రెండోది తలనింపు పద్ధతి. పీ22లో మొదటి కోత మాత్రమే ప్యాక్ అనే గుర్తు దగ్గర పడుతుంది. ఆ తర్వాత తల నిండినప్పుడల్లా కోత. జీనోము 41,700 బేస్ జతలైతే తలలోకి ఎక్కేది దాదాపు 43,500. మిగులు భాగం రెండు కొసల్లోనూ పునరావృతం అవుతుంది. కొత్త కణంలో డీఎన్ఏ చుట్టగా కలుసుకోవడానికి ఆ పునరావృతమే ఆధారం.

మరి తల నిండిందని బయట ఉన్న టెర్మినేజ్‌కు ఎలా తెలుస్తుంది? కబురు మోసేది పోర్టల్. పీ22 పోర్టల్‌లో కొన్ని అమైనో ఆమ్లాలు మారితే తలలోకి మామూలు కంటే కొన్ని శాతం ఎక్కువ డీఎన్ఏ ఎక్కుతుంది. ఎస్పీపీ1 ఫేజ్ పోర్టల్‌లో సిజ్ అనే మార్పులు వస్తే తక్కువే ఎక్కుతుంది. పెంకు పరిమాణం అదే, కోసే ఎంజైమ్ అదే, మారినది తూము ఉంగరం. పీ22 పోర్టల్‌కు రెండు భంగిమలున్నాయని నిర్మాణ అధ్యయనాలు చూపాయి. ప్రోక్యాప్సిడ్‌లో ఉన్న భంగిమ టెర్మినేజ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, నిండిన తలలోని భంగిమ దాన్ని వదిలేస్తుంది. లోపల కిక్కిరిసిన డీఎన్ఏ పోర్టల్ చుట్టూ బిగుసుకున్నప్పుడు ఉంగరం మొదటి భంగిమ నుంచి రెండోదానికి మారుతుందన్నది దీనికి బలంగా సరిపోయే వివరణ. టెర్మినేజ్ కోసి తప్పుకోగానే ఇతర ప్రోటీన్లు వచ్చి తూముకు బిరడా బిగిస్తాయి.

హెర్పిస్‌లో ఎక్కడ బెడిసికొడుతుంది

హెర్పిస్ సింప్లెక్స్ పెంకు 125 నానోమీటర్లు, వీపీ5 అనే ప్రోటీన్ 955 ప్రతులు, ఒక మూలలో పోర్టల్, లోపలికి వెళ్లే డీఎన్ఏ 152 వేల బేస్ జతలు. సోకిన కణం కేంద్రకంలో మూడు రకాల పెంకులు కనిపిస్తాయి. సీ రకంలో డీఎన్ఏ ఉంటుంది. బీ రకంలో కోతకు గురైన పరంజా మిగిలి ఉంటుంది, డీఎన్ఏ ఉండదు. 'ఏ' (A) రకం పూర్తిగా ఖాళీ, ఎక్కించడం మొదలై మధ్యలో చెడినది. ఏ ప్రోటీన్ లేకపోతే ఈ మూడింటిలో ఏది పేరుకుంటుందో చూస్తే లోపం ఏ మెట్టులో ఉందో తెలుస్తుంది. ప్రోటియేజ్ పనిచేయకపోతే పరంజా కదలదు, డీఎన్ఏ అసలు రాదు. టెర్మినేజ్ లేకపోతే బీ రకం పేరుకుంటుంది. యూఎల్25 అనే ప్రోటీన్ లేకపోతే డీఎన్ఏ ఎక్కుతుంది గానీ నిలవదు, 'ఏ' (A) రకం గుట్టలుగా పడుతుంది. యూఎల్25 పని లాంబ్డాలో జీపీ-డి పనికి బంధువు, బయటినుంచి బిగించి లోపలి ఒత్తిడిని ఓర్చేలా చేయడం.

దీనికి దగ్గరి బంధువైన సైటోమెగలో వైరస్ ఇంచుమించు అంతే పెంకులో 235 వేల బేస్ జతలు కుక్కుతుంది. ఆ బిగుతుకు తగ్గట్టే దాని పెంకు మీది అతిచిన్న ప్రోటీన్ వైరస్ ప్రాణానికే అవసరం. హెర్పిస్ సింప్లెక్స్‌లో దానికి సమానమైన ప్రోటీన్ లేకపోయినా ప్రయోగశాల కణాల్లో వైరస్ పెరుగుతుంది. సైటోమెగలో టెర్మినేజ్‌ను అడ్డే లెటెర్మొవిర్ మందుకు అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. మన కణాల్లో పెంకులోకి డీఎన్ఏ కుక్కే పని ఏదీ లేదు కాబట్టి, ఆ మెట్టును కొడితే దెబ్బ వైరస్ మీదే పడుతుంది.

ఇంకో రెండు దారులు

హెపటైటిస్ బి వైరస్ ముందు ఖాళీ పెంకు కట్టి తర్వాత నింపదు. ఆర్ఎన్ఏ చుట్టూ పెంకు కట్టి, లోపలే దాన్ని డీఎన్ఏగా మార్చుకుంటుంది. దాని పెంకు ప్రోటీన్‌లో 183 అమైనో ఆమ్లాలు. మొదటి 149 గోడ కడతాయి. చివరి 34 ఆర్జినిన్‌తో నిండి ధనావేశంతో ఉంటాయి, ఆర్ఎన్ఏను పట్టేవి అవే. వాటిని కత్తిరిస్తే చూడ్డానికి చక్కని పెంకే తయారవుతుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. ఆ కొసకు ఫాస్ఫేట్లు చేరడం, ఊడడం కూడా లెక్క తప్పకూడదు, ఎందుకంటే ఒక్కో ఫాస్ఫేట్ కొంత ధనావేశాన్ని రద్దు చేస్తుంది. పెంకు ప్రోటీన్లను తొందరపెట్టి, ఆర్ఎన్ఏ రాకముందే ఖాళీ పెంకులు కట్టించే మందుల మీద ఇప్పుడు పని జరుగుతోంది.

జన్యు చికిత్సలో వాడే ఏఏవీ అనే చిన్న వైరస్‌ది మూడో దారి. అరవై ప్రోటీన్ల 26 నానోమీటర్ల పెంకు ముందే తయారవుతుంది. రెప్ అనే వైరస్ ప్రోటీన్లు ఒంటిపేట డీఎన్ఏను (దాని రెండు కొసలకు 3', 5' అని పేర్లు) 3' కొస ముందుగా, ఐదు ప్రోటీన్లు కలిసే మూల రంధ్రంలోంచి లోపలికి పంపుతాయి. సహజంగా ఎక్కేది 4,700 బేస్‌లు. 5 వేలు దాటిన వరుస ఇస్తే పెంకు నిండేదాకా ఎక్కి, 5' వైపు తోక బయటే ఉండిపోయి తెగిపోతుంది. హీమోఫీలియా చికిత్సకు, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 ప్రోటీన్ జన్యువును అందించేటప్పుడు దాని బి భాగాన్ని తీసేసి వాడడానికి కారణం ఈ హద్దే.

ఉత్పత్తిలో పెద్ద తలనొప్పి ఖాళీ పెంకులు. 260, 280 నానోమీటర్ల కాంతి శోషణల నిష్పత్తి ఖాళీ వాటికి 0.6 దగ్గర, నిండిన వాటికి దాని రెండింతల పైన ఉంటుంది. సీజియం క్లోరైడ్‌లో తిప్పితే ఖాళీవి మిల్లీలీటరుకు 1.31 గ్రాముల దగ్గర, నిండినవి 1.40 దగ్గర పట్టీలుగా తేలతాయి. ఈ రెండు పరీక్షలూ లోపల ఎంత డీఎన్ఏ ఉందో చెబుతాయి. అది ఏ డీఎన్ఏ అన్నది చెప్పవు. 6 వేల బేస్‌ల వరుస ఇచ్చి, 5 వేల దగ్గర తెగిన ముక్కలతో నిండిన పెంకులు కూడా చక్కటి నిండు పట్టీగానే కనబడతాయి. కాబట్టి పెంకులను విప్పి, లోపలి డీఎన్ఏను క్షార అగరోజ్ జెల్ మీద పరుగెత్తించి పొడవు చూడాలి, లేదా పొడవాటి వరుసలు చదివే సీక్వెన్సింగ్‌తో రెండు కొసలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.